చెక్క పజిళ్ల గురించి తల్లిదండ్రులకు

అందరికీ నమస్కారం.

పోయిన శనివారం మీటింగ్ అయిన దగ్గర్నుంచి వాట్సాప్ గ్రూపులో నడుస్తున్నదంతా చూస్తూనే ఉన్నాను. నర్సరీ, ఎల్‌కేజీ పిల్లలకి రాత హోంవర్క్ ఎందుకు ఆపేశారు, చెక్క ముక్కలతో ఆడించడానికేనా ఇంత ఫీజు అని అడుగుతున్నారు. ఒక నాయనమ్మగారు గేటు దగ్గరే నన్ను ఆపి, "మా గుంటడు పలక ముట్టడం మానేశాడు మేడం, పక్కింటి పిల్లేమో వంద దాకా రాసేస్తోంది" అని బెంగపడ్డారు. అందుకే ఈ నెల మిగతా సంగతులన్నీ వెనక్కి పెట్టి ముందు ఇదే రాస్తున్నాను.

వంద దాకా చూసి రాసేసిన పిల్లనే అయిదు గింజలు ఎక్కువా మూడు గింజలు ఎక్కువా అని అడిగి చూడండి, చాలామంది బిక్కమొహం వేస్తారు. అంకె గీయడం వేరు, ఆలోచించడం వేరు. మా దగ్గర పొడుగాటి చెక్క దిమ్మ ఒకటుంది, దానికి పది గుంటలు, పది గుండ్రటి ముక్కలు, ఒక్కోటీ ఒక్కో లావు. మొన్న ఎల్‌కేజీ పాప ఒకతి సన్న ముక్కని తీసుకెళ్లి వెడల్పు గుంటలో వేసేసింది. టీచరు ఏమీ అనలేదు. చివరికి చేతిలో ఒక లావు ముక్క మిగిలింది, ఖాళీగా ఉన్నదేమో సన్న గుంట. తిప్పి పెట్టింది, నొక్కింది, పట్టలేదు. కాసేపు అన్నిటినీ అలా చూస్తూ ఊరుకుని, తర్వాత వేలు పెట్టి ఒక్కో గుంటా తడుముతూ వెళ్లి, లొడలొడలాడుతున్న ఆ సన్న ముక్కని తనే పట్టుకుంది! తప్పు ఎక్కడ జరిగిందో వెనక్కి వెళ్లి వెతకడం, ఇది కాకపోతే మరేది అని ఒక్కోటీ తీసేసుకుంటూ రావడం, లెక్కలకి పునాది అదే కదా. ఇంకో మాట, ఆ ముక్కల మీద చిన్న బుడిపె ఉంటుంది, దాన్ని మూడు వేళ్లతో పట్టుకోవాలి. రేపు పెన్సిల్ పట్టేది ఆ మూడు వేళ్లే. రాత ఆగిపోలేదండీ, రాయాల్సిన చెయ్యి తయారవుతోంది.

ఇది నేను కనిపెట్టింది కాదు. ఈ దిమ్మలు ఇటలీ విద్యావేత్త మరియా మాంటిస్సోరి పద్ధతిలోవి. ఆవిడ 1907లో రోములో పిల్లల బడి మొదలుపెట్టారు, 1939లో మద్రాసు వచ్చి అడయారులో మన టీచర్లకి శిక్షణ కూడా ఇచ్చారు. 2020 జాతీయ విద్యా విధానం కూడా మూడు నుంచి ఎనిమిదేళ్ల దాకా చదువు ఆటలతో, చేతులతో సాగాలనే చెప్తోంది.

ఒడిశా, ఆంధ్ర సరిహద్దులో ఉన్న మన పర్లాకిమిడిలో దీనికి ఇంకో లాభం ఉంది. ఒకే చాప మీద తెలుగు పిల్లలు, ఒడియా పిల్లలు, సవర గిరిజనుల ఇళ్ల నుంచి వచ్చే పిల్లలు కూర్చుంటారు. టీచరు మాట అందరికీ ఒకేలా ఎక్కదు. పజిల్‌కి ఆ ఇబ్బంది లేదు. సవర పిల్లల్ని వాళ్ల భాషలోనే చదివించాలని గిడుగు రామమూర్తి పంతులుగారు వందేళ్లకి ముందే పాటుపడిన ఊరు మనది. మొదట్లో నోరే విప్పని ఒక సవర బాబు ఇప్పుడు పక్కపిల్లాడికి "అది కాదు, ఇది పెట్టు" అని తెలుగులో చెప్తున్నాడు, ఆ పక్కపిల్లాడు "ఎయిటా నుహే" (ఇది కాదు) అని ఒడియాలో వాదిస్తున్నాడు, ఇద్దరూ కలిసి ఏనుగు బొమ్మ పూర్తిచేసి నా గదికి మోసుకొచ్చారు. పేరు రాయను గానీ, ఆ బాబు వాళ్లమ్మగారు ఇది చదివితే తనకే తెలుస్తుంది, చాలా గర్వంగా ఉందమ్మా. యూకేజీలో ఒక పాపయితే ముక్కల్ని బోర్లా తిప్పి, బొమ్మ చూడకుండా అంచుల్ని బట్టే అమర్చేస్తోంది. అలా చెయ్యమని ఎవరూ నేర్పలేదు.

ఇక ఇంటి సంగతి. దయచేసి ఏమీ అనుకోకండి. పొద్దున్న ఇడ్లీ తినిపించడానికి ఫోను, సాయంత్రం ఏడుపు ఆపడానికి ఫోను, మళ్లీ "మావాడు కుదురుగా కూర్చోడు మేడం" అని నాకే ఫోను. రెండు నుంచి నాలుగేళ్ల పిల్లలకి రోజుకి గంట మించి స్క్రీన్ వద్దని, అదీ ఎంత తగ్గితే అంత మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే చెప్పింది. ఫోన్‌లోనూ పజిళ్లున్నాయి కదా అన్నారు ఒకరు. చాలా యాప్‌లలో ముక్కని దగ్గరికి తీసుకెళ్తే చాలు, అదే వెళ్లి అతుక్కుంటుంది. చెక్క అతుక్కోదు, పిల్లాడే తిప్పుకోవాలి. ఇంకా ఒక్క మనవి, శనివారం ఇంటికిచ్చే పజిల్‌ని మీరు చేసి పంపకండి. అమ్మ చేసిందో పాప చేసిందో సోమవారం ఆ చేతులు చూస్తేనే తెలిసిపోతుంది.

కొనాలనుకునేవాళ్లు అంచులు నున్నగా ఉన్నవి, ఐఎస్ఐ గుర్తు ఉన్నవి చూసుకోండి, ఇంట్లో మూడేళ్లలోపు పిల్లలుంటే చిన్న ముక్కలు అందనివ్వకండి. విశాఖ వైపు వెళ్తే ఏటికొప్పాక బొమ్మలు చూడండి, అంకుడు కర్ర, గింజలూ ఆకులూ వేళ్లతో చేసిన రంగులు, చాలా బావుంటాయి. ఖరీదైనవే అక్కర్లేదు, డబ్బాలూ మూతలూ కలిపిచ్చి ఏ మూత దేనిదో వెతకమన్నా చాలు.

ఫీజు పదో తారీఖులోపు కట్టండి, రథయాత్రకి, బహుడాకి (తిరుగు రథం రోజు) సెలవు, వాన రోజుల్లో వ్యాన్ కాస్త ఆలస్యం కావచ్చు, బ్యాగులో ఒక జత బట్టలు పెట్టండి.

వచ్చే శనివారం పదింటికి ఎల్‌కేజీ గదికి రండి, నాన్నగార్లు కూడా. మీ పిల్లల పక్కన కూర్చుని అరగంట చూడండి, నోటితోగానీ చేత్తోగానీ సాయం చెయ్యొద్దు. తర్వాత మీకున్న ప్రశ్నలన్నీ అక్కడే అడగండి. వచ్చేటప్పుడు బ్యాగుల అడుగున ఒకసారి వెతికి రండి, ఆవు పజిల్‌లో తోక ముక్క కనిపించడం లేదు.

మీ
ప్రధానోపాధ్యాయురాలు