స్కూల్లో వేసే ముందు, మాటల సంగతి

అందరికీ నమస్కారం. మూడేళ్లు నిండినా బాబుకి మాటలు సరిగ్గా రావట్లేదు, స్కూల్లో వేస్తే అవే వస్తాయిలే అని ఆగొచ్చా అని నిన్న ఒకరు అడిగారు కదా. ఆగొద్దండీ.

ముందు చెవి పరీక్ష చేయించండి. పిలిస్తే తిరిగి చూస్తున్నాడు కదా అనుకుంటాం. కానీ తరచూ జలుబు చేసే పిల్లల్లో కర్ణభేరి వెనక నీరు చేరొచ్చు. అప్పుడు గట్టి శబ్దాలు వినిపిస్తాయి, ‘స’ లాంటి సన్నని శబ్దాలు అందవు. వినపడనిది ఎలా పలుకుతాడు?

2 ఏళ్లకి రెండు మాటలు కలపాలి, 4 ఏళ్లకి బయటివాళ్లకీ చాలావరకు అర్థం కావాలి. ‘ర’ పలకడం ఆలస్యమైతే మాత్రం టెన్షన్ వద్దు.

స్పీచ్ థెరపీలో (మాటలు వచ్చేలా చేయించే శిక్షణలో) ఎక్కువ భాగం ఆటే. అయితే థెరపిస్ట్ దగ్గర గడిపే టైమ్ తక్కువ, అసలు పని ఇంట్లోనే. బాబు బంతి చూపించి “బా” అంటే “అవును, పెద్ద బంతి!” అనండి. “బంతి అను, అను” అని వెంటపడకండి. ఏదైనా అడిగాక కాసేపు ఆగండి, జవాబు కూడా మనమే చెప్పేస్తుంటాం (ఇంట్లో పెద్దవాళ్లయితే మరీనూ).

రెండు భాషలు వినడం వల్ల మాటలు ఆలస్యం కావు, ఇంటి భాష మానకండి. వచ్చిన మాటలు మళ్లీ పోతుంటే మాత్రం వెంటనే పిల్లల డాక్టర్‌కి చూపించండి.

స్కూల్లో చేర్చే రోజున, నీళ్లకీ బాత్రూమ్‌కీ ఏ మాట, ఏ సైగ వాడతాడో టీచర్‌కి కాగితం మీద రాసివ్వండి.