సత్తిబాబుకి, కత్తి గురించి

విశాఖపట్నం,
ఆదివారం రాత్రి.

ఒరేయ్ సత్తీ,

అడవికి తీసుకెళ్లడానికి చేయించుకుంటానన్న కత్తి గురించి నువ్వు పంపిన ఫోటోలు రెండు రోజులుగా చూస్తూనే ఉన్నాను. పది అంగుళాల బ్లేడు, వీపు మీద రంపపు పళ్లు, బోలు పిడి, పిడి మూతలో దిక్సూచి. 'సోమవారం అడ్వాన్స్ పంపేస్తాను, నీ మాట కూడా చెప్పు' అన్నావు కదా. పంపకురా. ఫోన్‌లో చెబితే నువ్వు మధ్యలో వాదనకి దిగుతావు, అందుకే కాగితం తీసుకున్నాను. తీరిగ్గా చదువు.

నా ఎడమ అరచేతిలో బొటనవేలి కింద మచ్చ ఉంది చూశావా? నువ్వు అడిగినప్పుడల్లా ఏదో గీసుకుందని దాటేశాను. అది లంబసింగిలో అయింది. డిసెంబరు నెల, తెల్లవారుజాము, మంచుకి కట్టెలన్నీ తడిసి ఉన్నాయి. పైన తడిసినా లోపల పొడిగానే ఉంటుంది కాబట్టి, మణికట్టంత లావు కట్టెని నిలబెట్టి, దాని నెత్తిన కత్తి ఆనించి, కత్తి వీపు మీద దుడ్డుకర్రతో కొడుతూ చీలుస్తున్నాను. ఎడమ చేతిలో పిడి, కుడి చేతిలో దుడ్డుకర్ర. నాలుగో దెబ్బకో ఐదో దెబ్బకో బ్లేడు పిడి మొదట్లో పుటుక్కున విరిగింది. పిడి పట్టుకున్న చెయ్యి జారి, కట్టెలో ఇరుక్కుని ఉన్న బ్లేడు మీద పడింది. తువ్వాలు చుట్టుకుని, బండి వెనకాల కూర్చుని కిందికి వచ్చేసరికి తువ్వాలంతా ఎర్రబడిపోయింది. మూడు కుట్లు పడ్డాయి. మా అమ్మకి ఇప్పటికీ అసలు సంగతి తెలియదు, నువ్వు చెప్పకు.

అది కూడా నేను ముచ్చటపడి చేయించుకున్న కత్తే. చేసినవాడి పేరు ఇప్పుడెందుకులే. ఇంటికొచ్చాక పిడి పగలగొట్టి చూస్తే లోపలికి వెళ్లిన ఇనుము వేలెడు పొడుగు కూడా లేదు, వెడల్పు చిటికెనవేలి గోరంత. బ్లేడు సన్నబడి పిడిలోకి దిగే చోట గుండ్రంగా తిప్పకుండా మూలని నిలువుగా కోసేశాడు. కొట్టిన ప్రతి దెబ్బా ఆ మూలలోనే కూడుకుంటుంది. విరిగిన చోటు వెలుతురులో పెట్టి చూస్తే ఉప్మా రవ్వలా గింజలు గింజలుగా మెరుస్తోంది. ఉక్కుని అవసరానికి మించి కాల్చేస్తే గింజ అలా పెరిగిపోతుందని నాకు తర్వాత తెలిసింది. పైన పాలిష్ మాత్రం అద్దంలా ఉండేది.

నీ ఫోటోలో ఉన్న బోలు పిడి చూసి నా గుండె జల్లుమన్నది అందుకే. అగ్గిపుల్లలు, గాలాలు దాచుకోవడానికి చోటు కావాలని పిడిని గొట్టంలా చేస్తే బ్లేడు ఇక దేన్ని పట్టుకుని నిలబడాలి? అవి జేబులో పెట్టుకోవచ్చు. బ్లేడు ఉక్కే పిడి చివరి దాకా, పిడి అంత వెడల్పుతోనూ రావాలి. దాన్నే ఫుల్ ట్యాంగ్ అంటారు. పక్కనుంచి చూస్తే రెండు చెక్కల మధ్య ఉక్కు గీత కనిపిస్తుంది. అడవికి తీసుకెళ్లే కత్తికి ఈ ఒక్క విషయంలో బేరం వద్దు.

ఇంక పొడుగు. మారేడుమిల్లి వైపు వెళ్తే నువ్వు కత్తితో ఏం చేస్తావో ఒక్కసారి కళ్లు మూసుకుని చూడు. తాడు కోస్తావు. టెంటు మేకులు చెక్కుతావు. పొయ్యి రాజేయడానికి పొడి పుల్లని పువ్వులా సన్నటి పొరలు లేచేలా చెక్కుతావు. అక్కడివాళ్లు తెచ్చిచ్చిన వెదురు బొంగు మూతి సరిచేసి అందులో చికెన్ కూరతావు. అల్లం, ఉల్లిపాయ తరుగుతావు. ఎప్పుడో ఓసారి కాలిలో ముల్లు తీస్తావు. ఇందులో పది అంగుళాలు అడిగే పని ఏదిరా? పొడుగు పెరిగేకొద్దీ మొన చేతికి దూరమైపోతుంది, సన్నపని చేయలేవు. నాది నాలుగున్నర అంగుళాలు, వీపు దగ్గర మందం 4 మిల్లీమీటర్లు. ఇప్పటిదాకా దానితో కాదన్న పని లేదు. పాడేరు, అరకు సంతల్లో కొండవాళ్లు కొనే పెద్ద కత్తులు చూశావుగా, కొమ్మలు నరకాలంటే అలాంటిదే కావాలి. ఆ పని నీ కత్తి నెత్తిన పెట్టకు.

రంపపు పళ్లు కూడా తీసెయ్యమను. ఆ మందంలో కోసిన పళ్లు కట్టెలో కాస్త దిగగానే పొట్టుతో నిండిపోయి ఆగిపోతాయి. పైగా వీపు మీద కొట్టిన దుడ్డుకర్రని అవి కొరికేస్తాయి. మడత రంపం ఒకటి విడిగా సంచిలో వేసుకో. వీపు నున్నగా, తిన్నగా ఉంచి, దాని అంచుల్ని మాత్రం కచ్చితంగా తొంభై డిగ్రీల్లో వదిలెయ్యమను. నిప్పురవ్వలు రాల్చే ఫెర్రో రాడ్‌ని ఆ అంచుతోనే గీకుతావు. పదును పెట్టిన వైపుతో గీకితే ఆ పదును అక్కడితో సరి.

ఉక్కు గురించి నువ్వు పెద్ద జాబితా పంపావు. జాబితాలో పేరు కంటే దాన్ని కాల్చి చల్లార్చే చెయ్యి ముఖ్యం. అయినా చెప్తాను. 1095 అనే రకం ఉక్కులో కార్బన్ సుమారు 0.95 శాతం, మంచి పదును పడుతుంది, తుప్పూ అంతే తొందరగా పడుతుంది. 5160 అనేది స్ప్రింగు ఉక్కు, కార్బన్ 0.6 శాతం దగ్గర, దెబ్బకి ఓర్చుకుంటుంది. డి2 అనే రకంలో క్రోమియం 12 శాతం దాకా ఉంటుంది, పదును చాలాకాలం నిలుస్తుంది. కానీ అడ్డదిడ్డంగా మెలిపెడితే అంచు పెచ్చులూడుతుంది, అడవిలో చిన్న రాయి మీద దాన్ని నూరాలంటే ప్రాణం పోతుంది. లారీ కమాను పట్టీతో చేస్తానని ఎవరైనా అంటే కొత్త పట్టీయేనా అని అడుగు. మా ఆటోనగర్‌లో పాతవి కుప్పలు కుప్పలుగా దొరుకుతాయి. అందులో మంచి ఉక్కే ఉంటుంది. కాకపోతే ఏళ్ల తరబడి బరువు మోసిన పట్టీలో కంటికి కనపడని పగుళ్లు ఉండొచ్చు, అది ఏ రకం ఉక్కో దాని మీద రాసి ఉండదు. రకం తెలియకపోతే ఎంత వేడికి కాల్చాలో కూడా తెలియదు కదా.

డమాస్కస్ చారలు కావాలా అని కూడా అడిగావు. ఇప్పుడు అమ్మేవి రెండు రకాల ఉక్కుని పొరలుగా అతికి, మడిచి, యాసిడ్‌లో ముంచి చారలు తేల్చినవి. అందం కోసం అయితే తీసుకో. నువ్వుండే నిజామాబాద్ జిల్లాలోనే కోనసముద్రం ఉంది, ఒకసారి వెళ్లిరా. పర్షియా వర్తకులు అంత దూరం నుంచి వచ్చి కొనుక్కెళ్లిన ఉక్కు అక్కడ మట్టి మూసల్లో కరిగించి తీసేవారు. అసలు డమాస్కస్ కత్తుల చారలు అలాంటి ఉక్కు లోపలి నుంచి పుట్టినవి, ఇప్పటివి వేరు. ఆ ఊరికి అంత దగ్గర్లో ఉండి నువ్వు చూడకపోవడం నాకు బాధగా ఉంటుందిరా.

నా దగ్గర ఇప్పుడున్న కత్తి చేసిన కుర్రాడి షెడ్డు అనకాపల్లి రోడ్డులో ఉంది. మొదటి రోజు వెళ్లినప్పుడు అతను ఒక్క కత్తి కూడా చూపించలేదు. ఏ చెయ్యి వాటం, ఎక్కడెక్కడ తిరుగుతారు, వానలోనా, ఇంతకుముందు వాడిన కత్తితో ఏం ఇబ్బంది అయింది, ఇవన్నీ అడిగాడు. విరిగిన ముక్క చూపిస్తే చాలాసేపు తిప్పి తిప్పి చూశాడు. తర్వాత నా చెయ్యి తెల్లకాగితం మీద పెట్టించి చుట్టూ పెన్సిల్‌తో గీసుకున్నాడు. వారం తర్వాత ఒక చెక్క కత్తి చేతిలో పెట్టి, 'ఇంట్లో రోజూ కాసేపు పట్టుకుని పుల్లలు చెక్కుతున్నట్టు తిప్పండి, ఎక్కడ నొక్కుతుందో పెన్సిల్‌తో గుర్తు పెట్టండి' అన్నాడు. మూడో రోజుకి చిటికెనవేలి దగ్గర ఒరుసుకుపోయింది. అక్కడ గుర్తు పెట్టి ఇచ్చాను, అసలు పిడిలో ఆ చోటు తగ్గించాడు. నాకు ఆ మనిషి మీద నమ్మకం కుదిరింది అప్పుడే.

కాల్చే రోజు నన్ను రమ్మన్నాడు. గ్యాస్ కొలిమి, లోపల బ్లేడు. సాయంత్రం లైట్లార్పి చేస్తాడు, రంగు సరిగ్గా కనపడాలని. మొదట చీకటి ఎరుపు, తర్వాత ఆర్కే బీచ్‌లో సముద్రం లోంచి అప్పుడే తల ఎత్తిన సూర్యుడి రంగు. పట్టకారుతో తీసి అయస్కాంతానికి చూపిస్తే అంటుకోలేదు. 770 డిగ్రీల దగ్గర ఉక్కు అయస్కాంతాన్ని వదిలేస్తుందట. అక్కడి నుంచి ఇంకాస్త వేడెక్కనిచ్చి, గోరువెచ్చటి నూనెలో మొన ముందుగా నిలువునా దించాడు. నూనె బుసబుసా పొంగి మంట లేచి ఆరిపోయింది. చల్లారాక కొత్త ఆకురాయి నా చేతికిచ్చి అంచు మీద రుద్దమన్నాడు. గాజు మీద రుద్దినట్టు జారిపోయింది, గీత కూడా పడలేదు. 'ఇప్పుడు కింద పడితే పెంకులా పగులుతుంది' అని వెంటనే ఓవెన్‌లో పెట్టాడు. 200 డిగ్రీల్లో రెండు గంటలు, చల్లార్చి మళ్లీ రెండు గంటలు. బయటికి తీస్తే బ్లేడు మీద ఎండుగడ్డి రంగు లేతగా తేలింది. నూనెలో ముంచాక ఇలా మళ్లీ వేడి పెట్టడం ఎగ్గొట్టినవాళ్ల కత్తి కూడా విరుగుతుంది. నువ్వు ఆర్డర్ ఇచ్చేవాడిని రాక్‌వెల్ గట్టిదనం, అంటే ఉక్కు గట్టిదనాన్ని కొలిచే అంకె, ఎంత ఉంచుతావని అడుగు. 57 నుంచి 59 మధ్య చెబితే ఈ పనికి సరిపోతుంది. ప్రశ్న అర్థం కాలేదంటే ఆ షెడ్డు లోంచి బయటికొచ్చేయ్.

కత్తి చేతికొచ్చిన రోజే ఒక పరీక్ష చెయ్యి. ఇత్తడి కడ్డీ ఒకటి బల్ల మీద పెట్టి, పదునైన అంచుని వాలుగా ఆనించి నొక్కుతూ లాగు. అంచు కొద్దిగా వంగి మళ్లీ తిన్నగా వస్తే బాగున్నట్టు. వంగి అలాగే ఉండిపోతే మెత్తన, పెచ్చు లేస్తే మరీ పెళుసు.

పిడికి మైకార్టా పెట్టించుకో. గుడ్డ పొరల్ని రెసిన్‌లో ముంచి అచ్చుపోసిన పలక అది, వానకి ఉబ్బదు. నేను మాత్రం తుమ్మ చెక్క పెట్టించుకున్నాను. మా తాత నాగలికీ గొడ్డలికీ తుమ్మే వాడేవాడు, ఆ బరువు చేతికి తెలుస్తుంది. కానీ ఈ ఊరి గాలికి ఏడాదికి రెండుసార్లు నూనె పట్టించాల్సి వస్తోంది.

గాలంటే గుర్తొచ్చింది. ఇక్కడ సముద్రపు గాలికి కార్బన్ ఉక్కు రాత్రికి రాత్రే ఎర్రబడుతుంది. చింతపండు గుజ్జు పూసి గంటసేపు ఉంచితే బ్లేడు నల్లబూడిద రంగుకి తిరుగుతుంది, ఆ పొర ఎర్ర తుప్పుని చాలావరకు ఆపుతుంది. పైన పలచగా కొబ్బరినూనె, దానితో కూరగాయలు కోసినా ఇబ్బంది లేదు. తోలు ఒర నడుముకి బాగుంటుంది కానీ ఇంట్లో అందులో పెట్టి వదిలెయ్యకు, తోలు చెమ్మ పట్టి ఉంచుతుంది. ఇంత ఓపిక లేదనుకుంటే స్వీడన్ స్టెయిన్‌లెస్ 14సి28ఎన్ అడుగు. క్రోమియం 14 శాతం, నూరడమూ తేలికే.

ఒక్క విషయం మాత్రం తేలిగ్గా తీసుకోకు. ఆయుధాల నియమాల్లో 9 అంగుళాల కంటే పొడుగు, లేదా 2 అంగుళాల కంటే వెడల్పు ఉన్న బ్లేళ్లని ఆయుధాల జాబితాలో చేర్చారు, ఇంటిపనికీ వ్యవసాయానికీ చేసినవి తప్ప. నీ పది అంగుళాలది అందులో పడుతుంది. ఇంకోటి, 1972 వన్యప్రాణి చట్టం ఆయుధం అన్న మాటలో కత్తిని కూడా కలిపింది. అభయారణ్యంలోకి, నేషనల్ పార్కులోకి రాతపూర్వక అనుమతి లేకుండా తీసుకెళ్లకూడదు. అందుకే కంబాలకొండకి వెళ్లినప్పుడు నేను కత్తి ఇంట్లో పెట్టి వెళ్తాను. మారేడుమిల్లి నుంచి పాపికొండల పార్కు వైపు తిరిగే ఆలోచన ఉంటే ముందుగా అటవీ శాఖ ఆఫీసులో కనుక్కో.

నాకు మొత్తం ఆరున్నర వేలైంది, ఒరతో సహా. నువ్వు ఆ దిక్సూచి కత్తికి ఇవ్వబోయింది ఇంతకంటే ఎక్కువే.

ఈ కుర్రాడితో నీ గురించి చెప్పాను, చేస్తానన్నాడు. చెయ్యాల్సింది ఒకటే. తెల్లకాగితం మీద కుడిచెయ్యి పెట్టి, వేళ్లు మామూలుగా విప్పి, చుట్టూ గీత గీయి. పెన్సిల్ నిటారుగా పట్టుకో, వాలిస్తే చెయ్యి లావుగా పడుతుంది. వాట్సాప్‌లో ఫోటో తీసి పంపకు, కొలత మారిపోతుంది. ఆ కాగితమే కవర్లో పెట్టి పోస్టు చెయ్యి. కిందటేడు విరిగిన నీ చూపుడువేలు పూర్తిగా ముడుచుకుంటోందో లేదో కూడా ఆ కాగితం వెనకాల రాయి, పిడి మలచడానికి అతనికి అది కావాలి.

వదినకి నమస్కారాలు చెప్పు. చిన్నదానికి ముద్దులు.

నీ
శీను