వార్షిక నివేదిక: ట్రెవింట్ రాతి ఇంటికి మన యాత్ర

సభ్యులందరికీ నమస్కారం.

ఉగాది, దీపావళి వేడుకలు ఎప్పటిలాగే బాగా జరిగాయి. పిల్లల తెలుగు తరగతిని ఆదివారానికి మార్చాక హాజరు మెరుగుపడింది. జమాఖర్చుల పట్టిక విడిగా పంపుతున్నాం. ఇక్కడ ఎక్కువ చోటు ఇంగ్లండ్ నైరుతి కొసనున్న కార్న్‌వాల్ యాత్రకే ఇస్తున్నాను. "తెలుగు సంఘానికి ఆ పాత ఇంటితో ఏం పని?" అని కొందరు సభ్యులు అడిగారు. అడగాల్సిన ప్రశ్నే.

యాత్ర సెయింట్ ఐవ్స్ సముద్రతీరంలో మొదలైంది. 1743లో మెథడిస్టు అనే క్రైస్తవ ఉద్యమాన్ని మొదలుపెట్టిన బోధకుడు జాన్ వెస్లీ ఈ జాలర్ల ఊరికి మొదటిసారి వచ్చినప్పుడు అల్లరిమూక మీదపడి తలమీద కొట్టింది. ఆయనా, వెంట ఉన్న జాన్ నెల్సన్ అనే బోధకుడైన రాతిపని మేస్త్రీ చాలా రోజులు కటిక నేల మీదే పడుకున్నారు. నెల్సన్ కోటే వెస్లీకి తలగడ. తిండి దొరక్క దారి పక్క కంపల్లో బ్లాక్‌బెర్రీలు కోసుకు తింటూ, ఇంత బాగా ఆకలి పుట్టించే చోటూ, తిండికి ఇంత కటకటగా ఉన్న చోటూ తాను ఎక్కడా చూడలేదన్నారట వెస్లీ.

అక్కడి నుంచి బాడ్మిన్ మూర్ అనే బీడు మైదానం అంచునున్న ట్రెవింట్‌కి వెళ్లాం. ఆ రోజుల్లోనే నెల్సన్, జాన్ డౌన్స్ అనే మరో బోధకుడు ఆకలితో ఇక్కడ డిగొరీ ఇస్బెల్ ఇంటి తలుపు తట్టారు. డిగొరీ కూడా రాతిపని మనిషే. ఆయన ఊళ్లో లేరు. భార్య ఎలిజబెత్ ముక్కూ మొహం తెలియని ఆ ఇద్దరికీ రొట్టె, వెన్న, పాలు పెట్టారు. వెళ్లేముందు వాళ్లు మోకాళ్లూని, పుస్తకం చూడకుండా ప్రార్థన చేస్తే, పుస్తకంలోవి చదవడమే తెలిసిన ఆమె ఆశ్చర్యపోయారు.

తర్వాత డిగొరీ బైబిల్లో షూనేము స్త్రీ కథ చదివారు. ఎలీషా ప్రవక్త కోసం ఆమె చిన్న గది కట్టించి మంచం, బల్ల, పీట, దీపస్తంభం పెట్టించిందని రాజులు రెండో గ్రంథంలో ఉంది. అది చదివి ఆయన బోధకుల కోసం తన ఇంటికి ఆనించి కిందొకటి, పైనొకటి గదులు కట్టారు. వెస్లీ కూడా ఆ ఇంటికి వచ్చారు. శిథిలమైపోయిన ఆ గదులను 1950లో బాగుచేశారు.

ఇక మన సంబంధం. వెస్లీ ఉద్యమం నుంచి పుట్టిన మెథడిస్టు మిషనే 19వ శతాబ్దం చివర్లో హైదరాబాద్ రాజ్యానికి వచ్చింది. ఆ మిషన్‌కు చెందిన చార్లెస్ వాకర్ పోస్నెట్ మెదక్‌లో, కరువు కాలంలో జనానికి పనీ తిండీ కల్పిస్తూ కట్టించిన చర్చి 1924 డిసెంబర్ 25న ప్రారంభమైంది. మన సభ్యుల్లో ఆ చర్చి పక్కనే పెరిగినవాళ్లున్నారు. వేల మంది పట్టే ఆ చర్చిదీ, కొద్దిమందితోనే నిండిపోయే ఈ గదిదీ ఒకటే వంశం. మనలో అన్ని మతాలవాళ్లం ఉన్నాం. అయినా ఆ గదిలో అందరూ ఎక్కువసేపు మాట్లాడుకున్నది ఎలిజబెత్ గురించే. నా మటుకు ఈ యాత్ర ఏటా జరగాలి.

మెథడిస్టులకు మే 24 వెస్లీ దినం. వచ్చే ఏడాది ఆ రోజుకు దగ్గరగా యాత్ర పెట్టాలని కమిటీ ప్రతిపాదన. సర్వసభ్య సమావేశంలో ఓటుకు వస్తుంది. అక్కడి దారులు ఇరుకు, పెద్ద బస్సు కష్టం. కార్లలో పెద్దవాళ్లకు చోటివ్వగలిగినవారు కార్యదర్శికి ముందే చెప్పండి.