పాత ఆయిల్ పెయింటు మీద ఊడిపోతున్న మీ తెల్ల ఎనామిల్ గురించి ఫిర్యాదు

కాకినాడ

కస్టమర్ కేర్ మేనేజర్ గారికి,

విషయం: మీ వాటర్ బేస్డ్ ఎనామిల్ (నీటితో కలిపే రంగు) గుమ్మాల మీద, స్కర్టింగ్ (గోడ అడుగు పట్టీ) మీద నిలవకపోవడం, డబ్బా మీద అవసరమైన సూచనలు లేకపోవడం.

అయ్యా,

మాది పాత ఇల్లు. గుమ్మాలు, కిటికీలు టేకువి, గదులన్నిటికీ సిమెంటు స్కర్టింగ్. వీటికి మొదటి నుంచీ ఆయిల్ పెయింటే వేస్తున్నాం. గట్టితనంలో దానికి వంక పెట్టలేం గానీ, వెలుతురు తగలని చోట తెల్ల రంగు పచ్చబడిపోతుంది. పైగా ఆ వాసన మా అత్తగారి ఆయాసానికి పడదు. పచ్చబడదు, వాసన రాదు, కడిగినా చెక్కుచెదరదు అని మీరు చెప్పారు కాబట్టే ఈసారి మీ వాటర్ బేస్డ్ ఎనామిల్ తీసుకున్నాం. బిల్లు, ఫొటోలు జతచేశాను.

ఇంట్లో గోడల కన్నా ఎక్కువ దెబ్బలు తినేవి ఇవే. స్కర్టింగ్‌కి రోజూ తడిగుడ్డ, ఫినాయిలు తగులుతాయి. గుమ్మానికి చేతుల జిడ్డు అంటుతుంది. శుక్రవారం గడప కడిగి పసుపు రాసినప్పుడల్లా ద్వారబంధం అడుగు జానెడు మేర తడుస్తుంది. అలాంటి చోట రంగు ఎంత తెల్లగా ఉందనేది తర్వాతి మాట. కింది పొరను ఎంత గట్టిగా పట్టుకుందనేదే ముఖ్యం.

మీ రంగు పట్టుకోలేదు. తలుపు మూసి మళ్లీ తీస్తే, ద్వారబంధానికి తలుపు ఆనే అంచున రంగు అతుక్కుని పొరలా లేచి వచ్చింది. స్కర్టింగ్ మీద గోరుతో గీరితే కింద పాత రంగు నున్నగా మెరుస్తోంది.

మీరు పంపిన మనిషి చూసి గోడకు చెమ్మ ఉందని రాసి వెళ్లారు. దీన్ని నేను ఒప్పుకోను. హాల్లో కిటికీ చట్రానికి పాడైన ఒక నిలువు చెక్క తీసేసి వడ్రంగి కొత్తది వేశాడు. మిగతా మూడు వైపులా పాత ఆయిల్ పెయింటు ఉంది. కొత్త చెక్కకు మీ ప్రైమర్ (రంగుకు ముందు వేసే అడుగు పూత), మీ ఎనామిల్ వేశాం, పాత రంగు ఉన్న చెక్కలకూ అవే వేశాం. పెయింటరూ ఒక్కడే. బ్లేడుతో అడ్డంగా, నిలువుగా చిన్న గళ్లు గీసి, సెల్లో టేపు అంటించి లాగి చూశాను. కొత్త చెక్క మీద ఒక్క గడి కూడా లేవలేదు. పాత రంగు ఉన్న చెక్క మీద టేపుతో పాటు గళ్లన్నీ వచ్చేశాయి. చెమ్మే కారణమైతే రెండు చోట్లా ఊడాలి కదా!

నున్నటి ఆయిల్ పెయింటు మీద నీటి రంగు పట్టాలంటే ముందు మెరుపు పోయేదాకా ఉప్పుకాగితంతో రుద్దాలి, జిడ్డు తుడవాలి, పట్టునిచ్చే ప్రైమర్ వేయాలి. మీ డబ్బా మీద మాత్రం ఉపరితలం శుభ్రంగా, పొడిగా ఉంటే పాత రంగు మీద నేరుగా వేయవచ్చని ఉంది. మీ డీలరూ అదే చెప్పారు. పాతది ఏ రంగో తేల్చుకోవడమూ కష్టం కాదు. స్పిరిట్‌లో తడిపిన దూదితో రుద్దితే నీటి రంగు దూదికి అంటుతుంది, ఆయిల్ పెయింటు అంటదు. ఈ రెండు ముక్కలు రాయడానికి డబ్బా మీద చోటు లేదా?

గంటలో ఆరిపోతుందని పెద్ద అక్షరాల్లో వేశారు. చేతికి అంటకపోవడం వేరు, పొర లోపలిదాకా గట్టిపడడం వేరు. ఆ రెండోదానికి వారాలు పడుతుంది, మా సముద్రతీరపు ఉక్కలో ఇంకా ఆలస్యం. అప్పటిదాకా తలుపులు బిగించి మూయవద్దని, తడిగుడ్డ పెట్టవద్దని ఎక్కడా లేదు.

ఇంకో సంగతి నన్ను ఎక్కువ బాధపెడుతోంది. ఇప్పుడు మీ మనిషి పాత రంగంతా గీకేసి మళ్లీ వేయించుకోమంటున్నారు. ఇళ్లకు వేసే రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల పాళ్లలో 90) దాటకూడదన్న నిబంధన అమల్లోకి వచ్చింది 2017 నవంబరులో. మా గుమ్మాల మీది పొరలు అంతకు చాలా ముందువి. వాటిలో సీసం ఉండవచ్చు. పొడిగా గీకితే ఆ దుమ్ము నేల మీదే పడుతుంది. మా మనవరాలు ఆ నేల మీద పాకుతోంది, చేతికందిందల్లా నోట్లో పెట్టుకునే వయసు. తడిపి రుద్దాలని, పిల్లల్ని దూరంగా ఉంచాలని చెప్పకుండా గీకేయమని సలహా ఎలా ఇస్తారు?

రంగు, ప్రైమర్ ఖరీదుతో పాటు పెయింటర్ కూలీ కూడా మీరే తిరిగి ఇవ్వాలి. పాత పొరను తడిపి రుద్దించి, సరైన ప్రైమర్‌తో మళ్లీ వేయించే ఖర్చు మీరే భరించాలి. పాత ఆయిల్ పెయింటు మీద ఏం చేయాలో, పూర్తిగా గట్టిపడడానికి ఎన్నాళ్లు పడుతుందో డబ్బా మీద తెలుగులో, చదవగలిగే సైజులో ముద్రించాలి. మా వీధిలో ఇంకా ఎన్నో పాత ఇళ్లున్నాయి, వాళ్లూ మీ డబ్బాలే కొంటున్నారు.

పదిహేను రోజుల్లో రాతపూర్వకంగా జవాబు రాకపోతే 1915 నంబరుకు ఫోన్ చేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో నమోదు చేయిస్తాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా కమిషన్‌కూ వెళతాను. హాల్లో కిటికీని గీకకుండా అలాగే ఉంచాం. ఈసారి పంపే మనిషికి బ్లేడు, టేపు ఇచ్చి పంపండి, మా ఎదురుగానే పరీక్ష చేయమనండి.

ఇట్లు,
మీ వినియోగదారు