మీటింగులో చిన్న మాటలు

చిట్టితల్లికి దీవెనలు.

నీ మాటల్లో "ఐ థింక్", "మేబీ", "జస్ట్" ఎక్కువని, దానివల్ల నీకు ధీమా లేనట్టుందని రివ్యూలో రాశారన్నావు. వాటన్నిటినీ ఏరిపారేయాలని కూర్చోకు.

1970లలో రాబిన్ లేకాఫ్ అనే భాషావేత్త ఇలాంటి తటపటాయింపు మాటలు ఆడవాళ్ల భాషకు గుర్తులన్నారు. 1980లో ఓబార్, అట్కిన్స్ అనే పరిశోధకులు అమెరికా కోర్టుల్లో సాక్షుల మాటలు పరిశీలించి, అసలు తేడా హోదాదని చూపించారు. నిపుణురాలిగా వచ్చిన డాక్టరమ్మ నోట అవి తక్కువ. చిన్న ఉద్యోగాల్లోని మగసాక్షుల నోట బోలెడు.

మీ టీములో ఇంకో చిక్కుంది. ఇంగ్లీషు మీలో ఎవరికీ సొంతభాష కాదు. అలాంటివాళ్లు "యూ నో" అన్నప్పుడు చాలాసార్లు తమ మాట కూడగట్టుకుంటున్నారే తప్ప, ఎదుటివాళ్ల ఒప్పుదల కోరడం లేదని యూలియానె హౌస్ అనే భాషావేత్త గమనించారు. వాక్యం వెతుక్కోవడానికి తీసుకున్న ఆ క్షణాన్ని వినేవాళ్లు పిరికితనం కింద జమకట్టేస్తారు.

అదీ కిందివాళ్ల విషయంలోనే! మీ పైఆయన "ఐ థింక్ వీ షుడ్ వెయిట్" అంటే పని ఆగిపోతుంది. ఆయనకు ధీమా లేదని ఎవరూ రాయరు. ఆయన "ఓకే, సో..." అనగానే చర్చ ముగుస్తుంది. నువ్వు "ఓకే" అంటే విన్నావని మాత్రమే అర్థం. ఇక "యాక్చువల్లీ" సంగతి సరేసరి: పైనుంచి వస్తే సమాచారం, కిందనుంచి వెళ్తే తప్పుపట్టడం.

మెత్తగా మాట్లాడటం చేతకానితనమని నేననుకోను. న్యూజిలాండ్ ఆఫీసుల్లో జానెట్ హోమ్స్ అనే భాషావేత్త బృందం చూసిన అధికారులు కూడా పని చెప్పేటప్పుడు మాట మెత్తబరిచినవాళ్లే. క్లయింటుకు కాదని చెప్పేచోట నీ "మేబీ" ఉండనీ. నిజంగా సందేహం ఉన్నచోట "ఐ థింక్" అనడం నిజాయితీ. టెస్టు ఫెయిలైందని కళ్లారా చూశాక మాత్రం "ఐ థింక్ ఇట్ ఫెయిల్డ్" అనకు, ఫెయిలైందని చెప్పెయ్.

రివ్యూ రాసినాయన్ని ఏ మీటింగులో, ఏ మాట దగ్గర అలా అనిపించిందో అడుగు. రికార్డింగుంటే విను. నీ "జస్ట్"లు ఒక్కటే లెక్కపెట్టకు, నువ్వు వాక్యం ముగించకముందే "ఓకే" అన్నదెవరో కూడా రాసిపెట్టుకో. ఆదివారం ఫోన్ చేసినప్పుడు చెబుదువుగాని.

ఉంటాను,
నాన్న