పెప్పర్ స్ప్రేపై ఒక్క పేజీ సర్క్యులర్ ఇప్పించండి: తిరుపతి జిల్లా ఎస్పీ గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన తిరుపతి జిల్లా ఎస్పీ గారికి,

ఆడవాళ్లకు ఆత్మరక్షణ నేర్పే శిక్షకుల విన్నపం ఇది. హ్యాండ్‌బ్యాగులో పెప్పర్ స్ప్రే పెట్టుకోవచ్చా అని అందరూ అడుగుతారు. పెట్టుకోవచ్చు. 1959 ఆయుధాల చట్టం 3వ సెక్షన్ లైసెన్సు అడిగేది తుపాకులకూ తూటాలకూ. పెప్పర్ స్ప్రే పేరు ఆ చట్టంలో లేదు, ఆన్‌లైన్‌లో బాహాటంగానే అమ్ముతున్నారు. చిక్కంతా కొట్టిన తర్వాతే.

భారతీయ న్యాయ సంహిత 35వ సెక్షన్ ఆత్మరక్షణ హక్కు ఇస్తుంది. అవసరానికి మించి హాని చేయకూడదని 37 చెబుతుంది. పీలిస్తే ఒంటికి చెడుపు చేసే పదార్థంతో గాయపరిస్తే మూడేళ్ల దాకా జైలని 118(1)లో ఉంది. 2024 మేలో కర్ణాటక హైకోర్టు ఒక కేసులో పెప్పర్ స్ప్రేను ప్రమాదకర ఆయుధంగానే చూసి, కేసు కొట్టేయడానికి ఒప్పుకోలేదు. వెంటపడ్డవాడే ఎర్రబడ్డ కళ్లతో ముందు స్టేషన్‌కొస్తే రైటర్ ఏం రాసుకోవాలి? ఎవరు ఎవరి మీదికి వచ్చారో తేల్చాకే 118 వైపు చూడాలని మీ సర్క్యులర్‌లో ఉండాలి.

మేం నేర్పేది ఇదీ: రెండు మీటర్ల దూరం, గాలి మన వీపు వైపు నుంచి, కళ్లకు గురిపెట్టి ఒక్క సెకను, వెంటనే పరుగు, 112కి ఫోన్. వాడు కూలబడ్డాక మళ్లీ కొడితే అది ఆత్మరక్షణ కాదు. డబ్బా పారేయకూడదు, అదే సాక్ష్యం. బస్సులోనో ఆటోలోనో కొడితే అందరికీ తగులుతుంది, ఉబ్బసం ఉన్నవాళ్లకు ప్రాణం మీదికొస్తుంది. కళ్లలో పడితే నలపకుండా ధారగా నీళ్లతో పదిహేను నిమిషాలు కడగాలి. ఇది కానిస్టేబుళ్లకూ చెప్పించండి.

డబ్బాలు అక్కరకు రాకపోవడం ఎక్కువగా చూసుకోకపోవడం వల్లే. తేదీ దాటితే లోపలి ఒత్తిడి తగ్గి, మందు ధారగా రాకుండా కారుతుంది. మే నెలలో స్కూటీ డిక్కీలో వదిలేస్తే వేడికి పగలొచ్చు. బ్యాగు అడుగున దువ్వెన కింద ఉంటే అది ఉన్నా లేనట్టే. లేబుల్ మీద ‘20 శాతం’ అని ఉంటే మురిసిపోనక్కర్లేదు. అది మిరప నూనె శాతమే, మంట పుట్టించే క్యాప్సైసినాయిడ్లు ఎంతో చెప్పదు.

రేణిగుంట విమానాశ్రయంలో చేతి సంచిలోనే కాదు, చెక్‌-ఇన్ బ్యాగులో కూడా తీసుకెళ్లనివ్వరు. ఆ ముక్క ముందే తెలియాలి. అలిపిరి తనిఖీ దగ్గర రానిస్తారో లేదో బోర్డు పెట్టించండి. రానివ్వకపోతే రసీదిచ్చి, దిగేటప్పుడు తిరిగివ్వండి. పద్మావతి మహిళా యూనివర్సిటీ హాస్టళ్లకూ, శ్రీసిటీ కంపెనీల సెక్యూరిటీకీ అదే కాపీ పంపితే గేటుకో రూలు ఉండదు. సర్క్యులర్ తెలుగులో ఉండాలి, సత్యవేడు వైపు తమిళంలో కూడా.

ఇట్లు,
తిరుపతి ఆత్మరక్షణ శిక్షకులు