ఒక ఫోటో, ఒక గంట కావాలి

ప్రియమైన తల్లిదండ్రులకు,

నమస్కారం. గత వారం ఏడో తరగతిలో ఒక అబ్బాయి నోటుబుక్ చూశాను. "మా దేశం" అని రాసి కొట్టేశాడు. మళ్ళీ అదే రాశాడు, మళ్ళీ కొట్టేశాడు. మూడోసారి "నేను పుట్టిన దేశం" అని రాసి, దాని కింద "నేను బడికెళ్ళే దేశం" అని చేర్చాడు. ఆ కొట్టివేతల్ని కూడా ఫోటో తీసి కథలో పెట్టుకోమని టీచర్ చెప్పారట. నాకు చాలా నచ్చింది.

వేరే దేశం నుంచి వచ్చిన కుటుంబాల పిల్లలు ఈ టర్మ్‌లో తమ డిజిటల్ కథలు తయారుచేస్తున్నారు. రెండు మూడు నిమిషాల వీడియో, సొంతంగా రాసుకున్న మాటలు, సొంత గొంతు, ఇంట్లో ఉన్న కొన్ని ఫోటోలు, అంతే. 1990ల్లో కాలిఫోర్నియాలో జో లాంబర్ట్, డానా ఆచ్లీ తదితరులు ఈ పద్ధతికి రూపమిచ్చారు. 2001 నుంచి బీబీసీ వేల్స్‌లో వర్క్‌షాపులు పెట్టి మామూలు జనం చేత ఇలాంటి కథలే చెప్పించింది. ముందు గుండ్రంగా కూర్చుని ఒకరి కథ ఒకరు వింటారు, కంప్యూటర్ దగ్గరికి వెళ్ళేది ఆ తర్వాతే.

దయచేసి కథను సరిదిద్దకండి. వచ్చిన రోజు మీకు వీసా, ఉద్యోగం, అద్దె టెన్షన్. పిల్లలకు గుర్తున్నది విమానంలో చెవి నొప్పి, క్లాసులో తన పేరు ఎవరికీ పలకడం రాకపోవడం. ఇంటి భాషలో తడబడ్డారని మళ్ళీ రికార్డు చేయించకండి. ఆ తడబాటు కూడా వాళ్ళ కథలోదే.

బయటికి చెప్పుకోలేని సంగతులు ఏ ఇంట్లోనైనా ఉంటాయి. వాటిని మేము అడగం. మీ సంతకం లేకుండా ఏ కథనూ ఎవరికీ చూపించం. సంతకం ఉన్నా, బిడ్డ వద్దంటే చూపించం. ప్రదర్శన రోజు పొద్దున మనసు మార్చుకున్నా సరే.

1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడికలో 29వ అధికరణం ఉంది. తల్లిదండ్రుల మీద, సొంత భాషా సంస్కృతుల మీద, ఉంటున్న దేశం, వచ్చిన దేశం రెండింటి విలువల మీద బిడ్డకు గౌరవం పెంచేలా చదువు ఉండాలంటుంది. ఆ అబ్బాయి రాసుకున్న రెండు వాక్యాలూ అందులో ఉన్నాయి.

శుక్రవారం లోపు ఒక పాత ఫోటో పంపండి, మసకగా ఉన్నా ఫరవాలేదు. ఈ వారంలో ఒక గంట టీవీ కట్టేసి పిల్లల దగ్గర కూర్చోండి. "మనం ఇక్కడికి ఎందుకొచ్చాం?" అని అడగమని వాళ్ళకు చెప్పి పంపుతున్నాం.

ఇట్లు,
మీ ప్రధానోపాధ్యాయురాలు